పస్కా ముందు ఇల్లు దులపడం: మన ఇంటి సర్దుడుకి ఏమైనా పనికొస్తుందా?

కూకట్‌పల్లి కోడలు:

అందరికీ నమస్కారం. ఇల్లు సర్దుకోవడం గురించి ఇక్కడ చాలాసార్లు మాట్లాడుకున్నాం కానీ ఇది కాస్త వేరు. మా ఆఫీసులో ఇజ్రాయెల్ టీమ్‌తో రోజూ కాల్స్ ఉంటాయి. మార్చి వచ్చిందంటే అక్కడి ఆడవాళ్లందరిదీ ఒకటే గోల, పెసహ్ క్లీనింగ్. ఫ్రిజ్ అయిందా, పిల్లల స్కూల్ బ్యాగులు చూశావా, కారు సీట్ల కింద తుడిచావా అని. యూదుల పండగ, తెలుగు బైబిల్లో పస్కా అంటారే, అదే. పులిసిన రొట్టె ముక్క ఇంట్లో ఎక్కడా ఉండకూడదట, అందుకని ఇల్లంతా తిరగేస్తారట. నాకు తెలిసింది అంతే.

మా అత్తగారు పాత ఇల్లు ఖాళీ చేసి మా ఫ్లాట్‌కి వచ్చాక సజ్జలన్నీ నిండిపోయాయి. ఇత్తడి బిందెలు, పెళ్లిళ్లలో పెట్టిన స్టీలు సామాను, ఎవరూ కట్టని పట్టుచీరలు, ఏది పట్టుకున్నా దానికో కథ. ఏ ఆదివారం మొదలుపెట్టినా సాయంత్రానికల్లా దించినవన్నీ మళ్లీ పైకే ఎక్కుతాయి. వాళ్లకి ఏటా ఇంటి పని మొత్తం ఒక తేదీకి ఎలా పూర్తవుతోంది, మనకెందుకు అవదు? దగ్గరుండి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే అసలు ఏం చేస్తారో వివరంగా చెప్పండి.

రెహోవోత్ పోస్ట్‌డాక్:

నేను ఇజ్రాయెల్లోనే ఉంటాను, మా పక్క ఫ్లాట్ వాళ్లు బాగా నిష్ఠగా పాటించే కుటుంబం, కాబట్టి ఏటా చూస్తూనే ఉంటాను. ముందు వాళ్లు వెతికేది ఏమిటో తెలియాలి. దాన్ని హమెత్స్ అంటారు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఇంకో రకం గోధుమ, ఈ ఐదు ధాన్యాల పిండికి నీళ్లు తగిలి 18 నిమిషాలు దాటితే పులిసినట్టే లెక్క. ఆ లోపే కలిపి, వత్తి, కాల్చి తీసేస్తే అది మత్సా, పండగ రొట్టె. బ్రెడ్డు, బిస్కెట్లు, సేమ్యా, పాస్తా, బీరు, విస్కీ అన్నీ హమెత్స్ కిందికే వస్తాయి. ఇజ్రాయెల్లో 7 రోజులు, బయటి దేశాల్లో 8 రోజులు అది తినకూడదు, తినకపోతే సరిపోదు, అసలు సొంతానికి ఉండనే కూడదు. బైబిల్లో నిర్గమకాండము 12, 13 అధ్యాయాల్లో ఉన్న ఆజ్ఞ అది. వాళ్ల పూర్వీకులు బానిసత్వం వదిలి ఐగుప్తు, అంటే ఈజిప్టు, నుంచి బయల్దేరిన రాత్రి పిండి పులిసే తీరిక లేక, కలిపిన పిండిని అలాగే మూటకట్టి భుజాన వేసుకుని పోయారు కదా, దాని జ్ఞాపకం.

ఇక పని జరిగే తీరు. పూరిం అనే పండగ అయిన దగ్గర్నుంచి, అంటే దాదాపు నెల ముందు నుంచి, పడక గదులతో మొదలెడతారు. శుభ్రం చేసిన గదిలోకి ఇక తిండి తీసుకెళ్లరు. వంటిల్లు ఆఖర్న. ఈలోగా ఉన్న పిండి, పాస్తా కొత్తవి కొనకుండా వండుకుని తినేస్తారు. విప్పని ప్యాకెట్లు లేనివాళ్లకి ఇచ్చేస్తారు. పండగ ముందు రోజు రాత్రి చీకటి పడగానే వెతుకులాట. మర్నాడు పొద్దున దొరికినది కాల్చేయడం. ఆ తర్వాత ఒక ప్రకటన చేస్తారు, నా దగ్గర నేను చూసినదీ చూడనిదీ, తీసేసినదీ తీసేయనిదీ ఏ పులిసిన పదార్థం ఉన్నా అది నాది కాదు, నేల మీది మట్టితో సమానం అని. అరమాయిక్ భాషలో ఉంటుంది, కానీ చెప్పేవాడికి అర్థం కావాలి కాబట్టి తెలిసిన భాషలో చెప్పుకోమంటారు. నన్నడిగితే మొత్తం పద్ధతికి ప్రాణం అక్కడే ఉంది. ఎంత వెతికినా ఎక్కడో ఏదో మిగులుతుందని ముందే ఒప్పుకుని, మిగిలిన దాని మీద హక్కు వదిలేసుకోవడం.

జగిత్యాల అన్న:

పైన సార్ రూల్స్ చెప్పిండు, నేను చేతుల పని చెప్తా. నేను ఇజ్రాయెల్‌లోనే నెతన్యా అనే ఊర్లో ఒక ముసలమ్మ దగ్గర కేర్‌గివర్‌ని. మన జగిత్యాల, నిజామాబాద్ దిక్కు నుంచి ఈ పనికి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఆమెను అమ్మమ్మ అనే పిలుస్తా.

పండగ ముందు మా ఇంట్లో ప్రతి కోటు జేబు బయటికి తిరగేయాలి. మంచం పక్కన ఉన్న పుస్తకాలు ఒక్కొక్కటి పట్టుకుని అట్ట రెండు వైపులా విప్పి తలకిందులుగా దులపాలి, ఎందుకంటే ఆమె టీ తాగుకుంట బిస్కెట్ తినుకుంట చదువుతది. ప్రార్థన పుస్తకం కుట్టు మధ్యలో నుంచి నిజంగనే పొడి రాలింది, నేను కళ్లారా చూసిన. టోస్టర్ కడగరు, అది ఎట్లాగూ శుభ్రం కాదు, అల్మారాలో పెట్టి తలుపుకి టేప్ అంటిస్తరు. వంటింటి రాతి బండ మీద కేటిల్‌తో మరిగిన నీళ్లు పోసి, ఆరినాక అల్యూమినియం రేకు పరుస్తం. గిన్నెలు మరగబెట్టడానికి వీధిలో పెద్ద గాబులు పెడ్తరు, కింద మంట, పైన పొగలు, జనం వలల సంచుల్లో చెంచాలు, గరిటెలు తెచ్చి ముంచుకుని పోతరు.

వెతికే రాత్రి మాత్రం అందరం ఒక్కచోట ఉంటం. ఏమీ దొరకకపోతే చేసిన ప్రార్థన వృథా కావొద్దని మనవడు ముందే పది బ్రెడ్ ముక్కలు కాగితంలో చుట్టి ఇల్లంతా దాస్తడు. ఎక్కడెక్కడ పెట్టిండో చీటీ మీద రాసుకుంటడు, ఒక్కటి దొరకకున్నా పెద్ద తలనొప్పి కదా. లైట్లు ఆర్పి, మైనపు వత్తి వెలుగుల ఈకతో ఊడ్చి చెక్క చెంచాలోకి ఎత్తుతరు. సోఫా వెనక, కిటికీ గడప మీద. పిల్లలైతే ఆ రోజు పడుకోరు. పొద్దున ఆ ఈక, చెంచా, ముక్కలు అన్నీ కలిపి వీధి మూల మంటలో వేసేస్తరు.

తెనాలి వంటిల్లు:

అయ్యో, ఇంత నిష్ఠా! మరి మన ఇడ్లీ దోసెలు? రాత్రంతా పులియబెట్టేది కదా పిండి. జగిత్యాల అన్నగారూ, ఆ వారం మీరేం తింటారు పాపం?

రెహోవోత్ పోస్ట్‌డాక్:

తెనాలి గారూ, మంచి ప్రశ్న. ఇడ్లీ పిండి హమెత్స్ కాదండి. బియ్యం, మినుములు ఆ ఐదు ధాన్యాల్లో లేవు. బియ్యం పులిస్తే అది పాడవడమే తప్ప ధర్మం చెప్పే పులియడం కాదని వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథం తల్ముద్‌లోనే చర్చ ఉంది. మన చపాతీయేమో, ఏమీ పులియబెట్టకపోయినా, పిండి కలిపి అరగంట నాననిస్తాం కాబట్టి హమెత్స్ అయిపోతుంది. ఇంకోటి, ఇంగువ. మన దగ్గర డబ్బాల్లో అమ్మే ఇంగువలో చాలావాటిలో గోధుమ పిండి కలుపుతారు. లేబుల్ చదివే అలవాటున్న ఇక్కడి వాళ్లు ఆ డబ్బా చూస్తే పక్కన పెట్టేస్తారు.

కాకపోతే యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులు బియ్యం, పప్పులు, మొక్కజొన్న కూడా ఆ వారం ముట్టుకోకపోవడం వందల ఏళ్ల ఆచారం. ఇరాక్ వైపు నుంచి వచ్చిన వాళ్లలో చాలామంది అన్నం తింటారు, అదీ బియ్యం మూడుసార్లు ఏరి, గోధుమ గింజ ఒక్కటి కూడా లేదని చూసుకున్నాకే.

జగిత్యాల అన్న:

మా అమ్మమ్మ ట్రిపోలీ దిక్కుది, అన్నం ఉంటది, నాకు ఇబ్బంది లేదు. బియ్యం ఏరేది మాత్రం నేనే. తెల్ల బట్ట పరిచి, ఒక్కొక్క పిడికెడు పోసి, మన అమ్మలు చాటల ఏరినట్టే. పోలండ్ వాళ్లింట్ల పనిచేసే మా దోస్తుకు ఆలుగడ్డ, గుడ్డు, మత్సా, మళ్లీ ఆలుగడ్డ. సూపర్ మార్కెట్లో బ్రెడ్ అరలు తెల్ల ప్లాస్టిక్ షీట్లతో మూసేస్తరు, తెలియక తీసుకుని కౌంటర్ దగ్గరికి పోయినా మిషన్ స్కాన్ చేయదు.

న్యూజెర్సీ నాని:

చాలామందికి తెలియని ముక్క ఒకటి నేను చెప్తాను. అందరూ అన్నీ పారేయలేరు కదా. ఖరీదైన విస్కీ సీసాలు ఉంటాయి, దుకాణాలు ఉన్నవాళ్లకి గోడౌన్ల నిండా సరుకు ఉంటుంది. పండగలో సొంతానికి హమెత్స్ ఉంచుకుంటే ఆ తర్వాత కూడా దాన్ని వాడకూడదు. అందుకని యూదులు కాని వాళ్లకి అమ్మేస్తారు. ఇదేదో ఉత్తుత్తి అమ్మకం అనుకోకండి, కాగితం రాసి, సంతకాలు పెట్టి, బయానా తీసుకుని చేసే నిజమైన అమ్మకం.

మా వీధి చివర చిన్న సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, ఉంది. అక్కడి రబ్బై, అంటే మతగురువు, ఒకసారి నన్ను అడిగారు, మీరు కొంటారా అని. కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించారు. సభ్యులందరి తరఫున ఆయనే అమ్ముతున్నారు, ఎవరింట్లో ఏ అల్మారాలో ఏముందో పట్టిక జతచేశారు, ఆ అల్మారాలున్న చోటు కూడా నాకు అద్దెకిచ్చినట్టు రాశారు. నేను కావాలంటే వెళ్లి తీసుకోవచ్చు, అడ్డుచెప్పే హక్కు వాళ్లకి లేదు. పండగ అయ్యాక మిగతా డబ్బు కట్టి మొత్తం ఉంచుకోవచ్చు, లేదంటే బయానా తీసుకుని వెనక్కి ఇచ్చేయవచ్చు. నేను వెనక్కే ఇచ్చేశాను. ఇజ్రాయెల్లో అయితే ప్రభుత్వ సంస్థల తరఫున చీఫ్ రబ్బైలే ఇలా అమ్ముతారు, అబూ ఘోష్ అనే ఊళ్లో ఉండే ఒక అరబ్బు హోటల్ మేనేజర్ చాలా ఏళ్లుగా కొనేవాడు.

ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు నాకు చాలా గౌరవం కలిగింది. తమ నియమాన్ని నిలబెట్టుకోవడానికి వేరే మతం వాడి మాట మీద అంత నమ్మకం పెట్టుకున్నారు. ఇంటి సర్దుడుకి దీనికి సంబంధం ఏమిటంటారా? పారేయడం, ఉంచుకోవడం అని రెండే దారులు పెట్టుకుంటే మనసు ఒప్పుకోదు. కొన్నాళ్లు నీ చేతిలోంచి బయటికి పంపు, అది లేకుండా ఉండగలవేమో చూడు, అన్న మూడో దారి ఇందులో ఉంది. కూకట్‌పల్లి గారూ, మీ అత్తగారి ఇత్తడి బిందెలు ఊళ్లో ఎవరైనా చుట్టాలింట్లో ఒక ఏడాది పెట్టించి చూడండి.

కూకట్‌పల్లి కోడలు:

నాని గారూ, ఇది భలే నచ్చింది. మా ఆడపడుచు ఇల్లు పెద్దది, అడుగుతాను. అత్తయ్య పారేయడానికి అస్సలు ఒప్పుకోరు కానీ కూతురి ఇంటికి అంటే కాదనరు.

సూటి మాట:

అందరూ మెచ్చుకుంటున్నారు, నేను కాస్త అడ్డం వస్తున్నాను, ఏమీ అనుకోకండి. పెసహ్ శుభ్రతని తీసుకొచ్చి ఇంటి సర్దుడు చిట్కాగా మార్చేయడం నాకు సరిగ్గా అనిపించడం లేదు. మొదటిది, ఈ పండగ వల్ల ఇంట్లో సామాను తగ్గదు, పెరుగుతుంది. నేను లండన్‌లో గోల్డర్స్ గ్రీన్‌లో అద్దెకున్నప్పుడు ఇంటివాళ్లు యూదులే. మాంసానికి ఒక సెట్టు, పాలకి ఒక సెట్టు మామూలుగానే వేరువేరుగా ఉంటాయి. పెసహ్ కోసం మళ్లీ ఆ రెండూ వేరే. అంటే నాలుగు సెట్ల కంచాలు, గిన్నెలు. ఏడాదిలో వారం రోజులు వాడే సామానుకి మేడ మీద ఒక గది. మట్టి పాత్ర అయితే మరగబెట్టినా శుద్ధి కాదంటారు, అది పీల్చుకున్నది ఇక వదలదని, కాబట్టి అది కూడా వేరే కొనాల్సిందే.

రెండోది, ఆ చాకిరీ ఎవరిది? రాత్రి కొవ్వొత్తి పట్టుకుని వెతికేది ఇంటాయన. నెల రోజులు నడుం వంచి తోమేది ఇల్లాలు. పండగ భోజనం సెదెర్ అంటారు, ఆ రాత్రి అందరూ మహారాజుల్లా ఎడమ పక్కకి ఒరిగి కూర్చుని తినాలి, మేం ఇక బానిసలం కాదు అని చూపించడానికి. మా ఇంటావిడ ఆ కుర్చీలోనే నిద్రపోయేది. దీన్ని చూసి మనం ఆడవాళ్లకి ఇంకో పని తగిలించొద్దు.

కొచ్చిలో కొన్నాళ్లు:

సూటి మాట గారితో ఏకీభవిస్తాను, మన దేశంలోనే ఉన్న ఉదాహరణ చెప్తాను. కొచ్చి మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగు చాలామంది చూసే ఉంటారు. అక్కడి యూదులు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు, 1948 తర్వాత ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. వాళ్ల పెసహ్ తయారీ యూదుల్లోనే పేరుమోసింది. డిసెంబర్లో వచ్చే హనుక్కా పండగ అవగానే మొదలు, అంటే దాదాపు వంద రోజుల ముందు. బియ్యం గింజ గింజ చూసి ఏరి పక్కన పెట్టడం, గోడలకి సున్నాలు వేయించడం, చివరికి బావి నీళ్లు తోడించి అడుగు కడిగించడం, ఎవరి చేతిలోంచో రొట్టె ముక్క పడి ఉంటుందేమోనని. ఈ వంద రోజుల్లో ఇల్లాలు చిన్న పొరపాటు చేసినా భర్తకీ పిల్లలకీ ప్రాణగండం అని నమ్మేవాళ్లట. ఆ భయం ఊహించుకోండి. శుభ్రత అంటే నాకూ ఇష్టమే, కానీ ఒక మనిషి గుండెల మీద అంత బరువు పెట్టడం ఏ ఆచారంలో ఉన్నా నేను మెచ్చుకోలేను.

రెహోవోత్ పోస్ట్‌డాక్:

ఇద్దరూ చెప్పిన భారం నిజం, కాదనను. కానీ అసలు ధర్మశాస్త్రం ఇంత అడగలేదు, అది చెప్పకపోతే ఆ పండగకి అన్యాయం చేసినట్టవుతుంది. సుమారు 1,800 ఏళ్ల కింద కూర్చిన మిష్నాలో పెసాహిమ్ అని ఒక భాగం ఉంది. దాని మొదటి మాటల్లోనే దీపం వెలుగులో వెతకమని చెప్పి, వెంటనే హమెత్స్ తీసుకెళ్లని చోటు వెతకనక్కర్లేదు అంటుంది. అంటే రొట్టె తినని గదిలో అల్మారా పైన దుమ్ము దులిపితే అది మీ ఇష్టం, పండగ పని మాత్రం కాదు. తర్వాతి మాట నాకు ఇంకా ఇష్టం. వెతికేశాక ముంగిసలాంటి జంతువేదో ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి ముక్క ఈడ్చుకొచ్చిందేమో అని దిగులు పడొద్దు, అలా మొదలుపెడితే ఒక వాకిట్లోంచి ఇంకో వాకిట్లోకి, ఒక ఊళ్లోంచి ఇంకో ఊళ్లోకి అని అనుమానం పాకుతూనే ఉంటుంది, దానికి అంతు ఉండదు అంటారు. గోడ కూలి కుప్ప మీద పడితే, దాని కింద ఉన్న హమెత్స్ తీసేసినట్టే లెక్క. ఎంత లోతు ఉండాలంటే కుక్క తవ్వి వెతకలేనంత. ఇవన్నీ చదివితే రాసినవాళ్లకి మనుషుల ఓపిక ఎంతో బాగా తెలుసు అనిపిస్తుంది.

ఇక్కడి జనంలో ఒక మాట బాగా ఉంది, దుమ్ము హమెత్స్ కాదు, పిల్లలు పస్కా బలి కాదు అని. పండగ ముందు పిల్లల మీద కేకలేసే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట గుర్తుచేస్తారు.

కూకట్‌పల్లి గారు అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉందనుకుంటాను. వాళ్లకి పని ఎందుకు పూర్తవుతుందంటే, వెతికే వస్తువు ఒక్కటే, వెతకక్కర్లేని చోట్లు ముందే తెలుసు, తేదీ మారదు, ఆఖర్న మిగిలినదాన్ని వదిలేసే మాట ఉంది. మనం అటక ఎక్కేటప్పుడు వీటిలో ఒక్కటీ ఉండదు. అన్నీ చూడాలనుకుంటాం, ఎప్పటికి అవుతుందో తెలియదు, కొంచెం మిగిలితే అసలు ఏమీ చేయనట్టే బాధపడతాం.

గుంటూరు మిరప:

మా జిల్లా పేరు ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనొచ్చాను. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము అని చిన్న యూదు సమాజం ఉంది, ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడుకుంటారు, తాము బైబిల్లోని ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెబుతారు. 1990ల మొదట్లో సినగాగు పెట్టుకున్నారు, సబ్బాతు అనే వారపు విశ్రాంతి దినం, పస్కా చేసుకుంటారు. తెలుగువాళ్లకీ ఈ పండగకీ ఉన్న అసలు చుట్టరికం అది.

ఇక మా క్రైస్తవుల ఇళ్లలో పస్కా అనగానే మొదట గుర్తొచ్చేది 1 కొరింథీయులకు 5వ అధ్యాయం. పాత పులిపిండిని తీసి పారేయమని పౌలు అంటాడు, దుర్మార్గమే ఆ పులిపిండి అని. మా నాయనమ్మ గుడ్ ఫ్రైడే వారంలో ఎవరితోనైనా మాటలు లేకపోతే వాళ్లింటికి తనే వెళ్లి పలకరించి వచ్చేది. ఎదుటివాళ్లు ముఖం తిప్పుకున్నా సరే. నేను చెయ్యాల్సింది చేశాను అనేది. యూదుల్లో కూడా కొందరు గురువులు హమెత్స్ అంటే పొంగిన అహంకారం అని చెబుతారని చదివాను. సామాను సంగతి ఎలా ఉన్నా, మనసులో సర్దుడుకి ఆవిడ పద్ధతి నాకు చాలు.

రాజమండ్రి రేవు:

ఇందాకటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ రాస్తున్నాను. నాన్నగారు పోయాక ఇల్లు ఖాళీ చేయాల్సింది నేనే, చెల్లి దుబాయ్‌లో ఉంటుంది. ఆయన ఎల్‌ఐసీ ఏజెంటు. ఎప్పుడో మూసేసిన పాలసీల రసీదులు, డైరీలు, ఎవరెవరి పుట్టినరోజులో రాసుకున్న చిట్టాలు, రెండు బీరువాలు నిండా. ఒక్కో కాగితం చదవడం, ఏడవడం, మళ్లీ లోపల పెట్టడం. చదవకుండా పారేస్తే ఆయన్ని పారేసినట్టు అనిపించేది.

పైన ఆ ప్రకటన గురించి చదివాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను చూసినదీ, చూడనిదీ అన్న ముక్క. అన్నీ చదవాల్సిన బాధ్యత నా మీద ఎవరు పెట్టారు? ఆయన పెట్టలేదు. నేనే పెట్టుకున్నాను. నాన్న చేతిరాత ఉన్న డైరీలు ఉంచుకుంటాను. మిగతా రసీదులు చదవను. అందులో ఏమున్నా సరే, అవి నావి కావు. సూటి మాట గారూ, మీరన్నట్టు ఇది ఇంకొకరి పండగలోని మాటే, నేను దాన్ని నాదని చెప్పుకోవడం లేదు. కానీ నాకు సాయం చేసింది, అందుకని కృతజ్ఞతతో చెబుతున్నాను.

సూటి మాట:

రాజమండ్రి గారూ, మీకు సాయపడితే అంతకంటే కావాల్సిందేముంది. నా అభ్యంతరం దీన్ని చిట్కాగా మార్చేవాళ్ల మీదే, మీ మీద కాదు. రసీదుల మీద జనం పేర్లు, పాలసీ నంబర్లు, సంతకాలు ఉంటాయి కదా, పాత పేపర్ల వాడికి మాత్రం వేయకండి. చింపి, తడిపి ముద్ద చేసేయండి, లేదా కాల్చేయండి. డైరీల్లో చెల్లెలి పేరున్న పేజీలు ఫొటో తీసి ఆమెకి పంపండి.

జగిత్యాల అన్న:

రాజమండ్రి అన్నా, గుండె నిబ్బరం చేసుకో.

ఒక సంగతి మర్చిపోయిన. పండగ ముందు ఇక్కడి వీధులు చూడాలె. జనం బయట పెట్టే సామాను మస్తు ఉంటది. కుర్చీలు, పరుపులు, పుస్తకాలు, పిల్లల సైకిళ్లు, బట్టల సంచులు. మంచివైతే చెత్త డబ్బాల వేయరు, గోడ మీద సర్దిపెట్టి పోతరు, కావాల్సినోళ్లు తీసుకుంటరు. పుస్తకాలైతే వానకు తడవకుండా కవర్ల పెడ్తరు. మాలాంటి పనోళ్ల రూముల్లో సగం సామాను అట్లా వచ్చిందే. నా టేబుల్ ఫ్యాన్ కూడా అదే, స్విచ్ దగ్గర దారంతో కట్టిన చీటీ మీద పనిచేస్తది అని హీబ్రూలో రాసి ఉండె. అట్లా రాసిపెట్టినోళ్ల మంచితనం నేను మర్చిపోను. మనకాడ కూడా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక బల్ల పెట్టి, పనిచేసే వస్తువు మీద చీటీ అంటించి పెడితే మంచిగుంటది కదా. వాచ్‌మన్‌ను, పనమ్మను ముందుగాల పిలవాలె, వాళ్లు తీసుకున్నాకే మిగతావాళ్లు.

సూటి మాట అక్క చెప్పిన చాకిరీ గురించి కూడా ఒక మాట. ఇప్పుడు చాలా ఇళ్లల్ల ఆ తోమే పని మాలాంటోళ్ల మీదనే పడుతది. మా అమ్మమ్మ కొడుకు మంచోడు, శుక్రవారం వచ్చి వంటిల్లు ఆయనే తోముతడు. అందరిళ్లల్ల అట్లుండదు. సర్దుడు పెట్టుకునేటోళ్లు ఇంట్లో పనిచేసే మనిషికి ఆ రోజులకి పైసలు వేరే ఇయ్యాలె, అది మాత్రం మర్చిపోవద్దు.

తెనాలి వంటిల్లు:

అన్నగారి మాటకి రెండు చేతులా దండం. ఈ విషయం ఏ ఇంటి చిట్కాల వీడియోలోనూ చెప్పరు.

న్యూజెర్సీ నాని:

ఇచ్చే సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. పండగకి ముందు పేదవాళ్లకి పిండి కోసం డబ్బు పోగుచేయడం వాళ్లలో చాలా పాత ఆచారం, ఊళ్లో ఉంటున్న ప్రతివాడూ ఇవ్వాల్సిందే. సెదెర్ మొదట్లో మత్సా ఎత్తి చూపించి ఆకలిగా ఉన్నవాళ్లెవరైనా వచ్చి తినండి అంటారు. తలుపు తెరిచి ఈ మాట అనేవాడు అంతకుముందు వారం ఇంట్లో ఉన్న పాస్తా, పిండి ప్యాకెట్లు పేదలకి సరుకులు పంచే మా టౌన్ ఫుడ్ ప్యాంట్రీకి ఇచ్చి ఉంటాడు. మా ఊళ్లో మార్చి, ఏప్రిల్లో ప్యాంట్రీ అరలు నిండుగా ఉంటాయి. ఇక్కడి తెలుగువాళ్లకి నా సలహా, దేశీ స్టోర్లో సేల్ ఉందని కొని పేర్చిన బియ్యం, పప్పు బస్తాలు ఎక్స్‌పైరీకి ముందే ఇచ్చేయండి, తేదీ దాటాక తీసుకోరు.

కూకట్‌పల్లి కోడలు:

అందరికీ ఒకేసారి చెబుతున్నాను. నేను నిన్న రాత్రి అత్తయ్యతో కూర్చుని మాట్లాడాను. సజ్జ మొత్తం అనలేదు, స్టీలు సామాను ఒక్కటే అన్నాను. చీరలు, ఇత్తడి, ఫొటోల పెట్టెలు ఈసారి ముట్టుకోం, ఆ అరల తలుపులకి టేప్ వేసేశాం, జగిత్యాల అన్న చెప్పిన టోస్టర్ లాగా. ఉగాది తేదీ పెట్టుకున్నాం. స్టీల్లో మా అత్తయ్య పుట్టింటి పేరు చెక్కిన గిన్నెలు పక్కన పెట్టుకున్నారు, అడుగున చుక్కలు చుక్కలుగా పేరు, ఇంటిపేరు, పెళ్లి తేదీ ఉంది. మిగతావి మా పనమ్మాయి కూతురి పెళ్లికి ఇద్దాం అని ఆవిడే అన్నారు. నేను అడగలేదు.

ఒక సందేహం. ఆ ఇజ్రాయెల్ కొలీగ్ ఒకావిడ సరిగ్గా పెసహ్ మధ్యలో హైదరాబాద్ వస్తోంది, క్లయింటు పని మీద, తప్పడం లేదట. ఇంటికి పిలవాలని ఉంది. ఏం పెట్టగలను?

రెహోవోత్ పోస్ట్‌డాక్:

ముందు ఆవిడని అడగండి, ఎంతవరకు పాటిస్తుందో ఇంటింటికీ తేడా ఉంటుంది, అడిగితే అస్సలు ఏమీ అనుకోరు, సంతోషిస్తారు. గట్టిగా పాటించే మనిషైతే మన వంటింట్లో వండినది ఏదీ తినలేదు, గిన్నెల వల్ల. అలాంటప్పుడు కోయని పళ్లు పెట్టండి, అరటిపళ్లు, సపోటాలు, పుచ్చకాయ అయితే ఆవిడ చేతికే కొత్త చాకు ఇచ్చి కోసుకోమనండి. పేపర్ ప్లేట్లు కొత్త ప్యాకెట్ విప్పండి. సీలు తీయని నీళ్ల బాటిల్. కొబ్బరి బోండాం బ్రహ్మాండంగా పనికొస్తుంది. మత్సా డబ్బా ఆవిడే వెంట తెచ్చుకుంటుంది. అంత పట్టింపు లేని మనిషైతే అన్నం తింటుందా అని అడిగి, తింటానంటే పులిహోర చేయండి, ఇంగువ మాత్రం వేయకండి.